గీత నాది, అతుకు నీది

వదిలేస్తే దానంతటదే వెనక్కి రావాలి కదా, మలుపు తిరిగాక చేతులు సడలిస్తే మేత నుంచి ఇంటికొచ్చే ఆవులా స్టీరింగు తన చోటికి తాను రావాలి, ఎవరూ అదిలించక్కర్లేదు. ఇదేమో తిప్పిన చోటే నిలబడిపోయింది. అతను మళ్లీ ఎడమకి తిప్పి వదిలాడు. బండి ఎడమకే పోతూ ఉంది. కాలువ గట్టు దగ్గరపడుతుంటే రెండు చేతులతో తిన్నగా లాక్కుని, ఇటుకల గోదాము గోడ నీడలో ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు. ఆపితే ఆ నిశ్శబ్దంలో ఏదో ఒకటి తేల్చుకోవలసి వస్తుందనిపించింది.

టైర్లలో గాలి తక్కువేమో. దిగి చూశాడు. తక్కువేం లేదు. లేదని చూడకముందే తెలుసు. దొంగెవరో తెలిసి కూడా ఇల్లంతా వెతకడం మనసుకి ఒక అలవాటు. ఇంకాసేపు వెతకనిచ్చాడు. రోడ్డు ఏటవాలుగా ఉందేమో, కొత్త బోల్టులు ఇంకా సర్దుకోలేదేమో, తన చేతులే బిగుసుకుపోయి ఉన్నాయేమో. అన్నీ అయ్యాక మనసు తిరిగి గుమ్మంలోకే వచ్చి నిలబడింది.

ఈ బండి ముందు చక్రాలు పుట్టుకతో దేని దారి దానివి. చెరో ఇనప చేతికి వేలాడుతూ, ఒకటి గుంటలో పడినా రెండోదానికి పట్టేది కాదు. నున్నటి రోడ్డు మీద అది సుఖమే. కానీ దీని యజమాని కొండలెక్కి రాళ్ల నమూనాలు ఏరుకునే మనిషి. అతనూ అన్నా కలిసి నడిపే రిపేరు షెడ్డులో ఆయన పేరు రాళ్లాయన. ఆ సున్నితపు చేతులు కొండ దారిలో మాటిమాటికీ వంగిపోతున్నాయని, అవన్నీ కోసేసి, రెండు చక్రాలకీ కలిపి ఒకే మొద్దు ఇరుసు, దానిమీద బరువుకి కుంగి లేచే కమాను కట్టలు వేయమన్నాడు. ఆయనకి ఆ పనిని అన్న ఎలా వివరించాడో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇన్నాళ్లూ వేరు కాపురాలండీ, ఇకమీదట ఉమ్మడి కుటుంబం, ఒకడు రాయెక్కితే రెండోవాడు నేల తొక్కిపట్టి ఉంటాడు అన్నాడు. ఉమ్మడి కుటుంబంలో గొడవలొస్తాయేమో మేస్త్రీ అని రాళ్లాయన అంటే, వస్తే ఇద్దరికీ కలిపే వస్తాయి, అదే దాంట్లో సుఖం అన్నాడు అన్న. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. ఆ మర్నాడే పాత చేతులన్నీ గ్యాస్ కటింగుతో కోసేశారు. కోసిన చోట చాసిస్‌ని నున్నగా అరగదీసి నల్లరంగు కూడా వేశారు. ఇక అటు వెళ్లే దారి లేదు.

ఇరుసు బిగించేటప్పుడు దాన్ని కాస్త వెనక్కి వాల్చి పెట్టాలి. సైకిలు ముందు చక్రాన్ని పట్టుకునే కడ్డీలు నిటారుగా కాకుండా వాలుగా ఉంటాయి. చేతులు వదిలేసి తొక్కినా సైకిలు తిన్నగా పోయేది అందుకే. ఆ వాలు ఈ బండికి పెట్టారు. ఇప్పుడు లేదు. ఎక్కడికి పోయిందో అతనికి తెలుసు.

ఇలాంటి పెద్ద పనికి చోటు కోసం ఇంజను దింపేస్తారు. ఇంజను లేని బండి ఖాళీ కడుపుతో ఉన్న మనిషిలాంటిది, నడుము ఎక్కడ నిలుస్తుందో తేలదు అనేవాడు అన్న. అందుకని ఇంజను ఉండే చోట ఇసుక బస్తాలు ఎక్కించి, ఆ బరువుకి కమాన్లు కుంగి కుదురుకున్నాక అప్పుడు వాలు చూసి, కమాను కూర్చునే ఇనప పీటల్ని ఇరుసుకి అతికించడం ఆయన పద్ధతి. ఖాళీ బండి మీద అతికిస్తే తరవాత ఇంజను బరువుకి కమాన్లు చదునైపోతాయి, వాటితోపాటు ఇరుసు తిరుగుతుంది, పెట్టిన వాలు కాస్తా మాయమవుతుంది. ఇది ఆయనకి ఎవరూ చెప్పలేదు, కుర్రతనంలో ఒక బండి పాడుచేసి నేర్చుకున్నాడు. ఆ బస్తాలు షెడ్డులో గోడవారన ఎప్పుడూ ఉంటాయి. టీ తాగడానికి వాటిమీదే కూర్చుంటారు. ఇంజను మీద కూర్చున్నావురా, లే అంటాడు అన్న.

ఈసారి అవి గోడవారనే ఉండిపోయాయి.

అతను చూశాడు. చూడలేదని చెప్పుకునే వీలు కూడా లేదు. అన్న ఇరుసు మీద వాలు కొలిచే మట్టం పెట్టి, ఒక కన్ను మూసి చూసి, చెవి మీది సుద్దముక్క తీసి పీటల అంచున గీతలు గీసి, ఊ, కానీ అన్నాడు. అతను వెల్డింగు అద్దం మొహం మీదికి దించుకోబోతూ బస్తాల వైపు చూశాడు. తరవాత అన్న వైపు చూశాడు.

గీత నాది, అతుకు నీది. మీసాలు కూడా సరిగా రాని వయసులో షెడ్డులో చేరిన రోజు అన్న చెప్పిన మాట అది. గీసేవాడు ఒకడు, అతికేవాడు ఒకడు. ఒక ఇనుముకి రెండు బుర్రలు పెడితే అది మూడోదారి పడుతుందని. అప్పట్నుంచీ అతను అతుకే. ఊళ్లో అతన్ని చిన్నమేస్త్రి అంటారు, ఇంట్లో ఇప్పటికీ చిన్నోడే.

అన్నకి ఇంకో అలవాటుంది. అప్పుడప్పుడూ కావాలనే పనిలో ఒక మెట్టు దాటేసి, ఏమీ ఎరగనట్టు పక్కకి తిరిగి నిలబడేవాడు. తమ్ముడు పట్టుకుంటే, పర్లేదు కళ్లున్నాయి అని వీపు చరిచేవాడు. పట్టుకోకపోతే ఆ పూటంతా కబోదీ అని పిలిచేవాడు. అలాంటప్పుడు ఆయన కళ్లలో తుంటరితనం ఎంత దాచినా దాగేది కాదు.

ఆ రోజు అతను దానికోసమే వెతికాడు. అన్న కళ్లు నిమ్మళంగా ఉన్నాయి. చేయవలసిందంతా చేసేసిన మనిషి కళ్లు.

అన్నయ్యా, బస్తాలు. రెండు మాటలంటే సరిపోయేది. అంటే ఏం జరుగుతుందో పొల్లు పోకుండా తెలుసు. అన్న ఒక్క క్షణం తెల్లబోతాడు, ఆ వెంటనే నవ్వుతాడు, నీకు గుర్తుందో లేదో చూద్దామని అంటాడు. ఆ నవ్వు అబద్ధమని తనకి తెలిసిపోతుంది. తెలిసిపోయిందని అన్నకీ తెలుస్తుంది. ఈమధ్య ఆ మాట తరచుగా వినపడుతోంది. పానా పేరు నోటికి రాక, అదే, ఆ నోరు తెరుచుకుని ఉండేది అని అడిగి, ఇవ్వగానే, పేరు చెప్పకపోయినా కనిపెడతావో లేదో చూద్దామని. షెడ్డుకి తాళం వేసి, సగం దారిలో వెనక్కొచ్చి లాగి చూసి, మళ్లీ వెనక్కొచ్చి, నువ్వు విసుక్కుంటావో లేదో చూద్దామని. తన పాత సరదాని తెరలా పట్టుకుని, మనిషి దాని వెనకాల నిలబడుతున్నాడు. ఆ తెర లాగే చెయ్యి తనదే ఎందుకు కావాలి?

అందుకే అతికించాడు. గీత మీద, వెంట్రుకవాసి తేడా లేకుండా. అంత అందమైన అతుకు జన్మలో వేసి ఉండడు, పూసలు గుచ్చినట్టు వచ్చింది. అప్పుడొక తృప్తి కూడా కలిగింది, పైకి చెప్పుకోలేనిది: చెప్పినట్టు చేశాను, అంతేగా. చిన్నవాడిగా ఉండిపోవడంలో ఉన్న హాయి అది. జుట్టు నెరుస్తున్నా ఇంకొకరు గీసిన గీత మీద నడుస్తూ ఉండటం. ఇంజను ఎక్కించాక ఏమవుతుందో చూద్దాం అనుకున్నాడు. ఒక్కోసారి ఏమీ కాదు కదా అనుకున్నాడు.

గోదాము కాపలావాడు బయటికొచ్చి బండి చుట్టూ తిరిగి, ఎంత ఎత్తు లేచిందండీ, ఏనుగులా ఉంది అన్నాడు. అతను నవ్వినట్టు మొహం పెట్టి బండి తిప్పుకుని, దారి పొడుగునా స్టీరింగుని గొంతు పట్టుకున్నట్టు పట్టుకుని షెడ్డుకి వచ్చాడు.

షెడ్డు చల్లగా ఉంది. కాలిన రంగు వాసన, ఇనుము చల్లార్చే నీళ్ల పీపాలో తేలుతున్న తుప్పు, ఒక రెక్క వంగి టకటకమంటున్న ఫ్యాను. అన్న మేకుల డబ్బా బోర్లించుకుని సైజుల వారీగా వేరు చేస్తున్నాడు. నిన్నా అదే డబ్బా వేరు చేశాడు.

"ఏమంటోంది బండి?"

"బానే ఉంది."

"పరీక్ష రాసొచ్చినవాడిలా నసుగుతావేంట్రా. చెయ్యి వదిలి చూశావా?"

"చూశాను."

చూశానన్నది నిజమే. ఏం చూశావని అన్న అడగలేదు. తృప్తిగా తల ఊపి మళ్లీ మేకుల్లో పడ్డాడు. ఇదివరకైతే తమ్ముడి మాట వినే మనిషా, బండి తాళం లాక్కుని తనే ఒక చుట్టు చుట్టొచ్చేవాడు. ఇప్పుడు బండి నడపడం మానేశాడు, మోకాళ్ల నొప్పులంటాడు. డీజిలు పోయించుకొస్తానని వెళ్లి, బంకు దాటి ఎక్కడెక్కడో తిరిగి చీకటి పడ్డాక వచ్చిన రోజునుంచీ ఆ నొప్పులు మొదలయ్యాయి.

పీటలు కోసి, వాలు సరిచేసి మళ్లీ అతికించడం పెద్ద పనేం కాదు. ఒక పూట పని. అన్న లేనప్పుడు చేసేయొచ్చు. కానీ అన్న ఎప్పుడు లేడు? పైగా ఆయనకి అతుకు మీద చెయ్యి పెడితే చాలు, కొత్తదో పాతదో చెప్పేస్తాడు. పేర్లు పోతున్నాయి గానీ వేళ్లకి ఇంకా ఏదీ పోలేదు. పీటకీ కమానుకీ మధ్య ఇనప చీలిక ఒకటి దూరిస్తే? రాళ్ల మీద ఎన్నాళ్లు నిలుస్తుంది? అక్కడినుంచి ఆలోచన ఇంకెక్కడికో జారింది. మొన్నటి పాల వ్యాను. దాని వెనక బ్రేకు గొట్టం అన్నే బిగించాడు. అంతకుముందు కంకర బండి. ఆ నట్లు తను చూశాడా? చూసినట్టే ఉంది. చూసినట్టు ఉండటానికీ చూడటానికీ మధ్య ఎన్ని బండ్లు ఏయే రోడ్ల మీద తిరుగుతున్నాయో.  ఈ ఒక్క పీట కోస్తే సరిపోదు, దీని వెనక ఒక దాని తరవాత ఒకటి అన్నీ విప్పుకుంటూ పోవాలి, ఆ విప్పడం ఎక్కడా ఆగదు.

మధ్యాహ్నం వదిన క్యారియర్ తెచ్చింది. అన్న చేతులు కడుక్కోవడానికి వెనక కుళాయి దగ్గరికి వెళ్లగానే ఆమె గొంతు తగ్గించింది. నిన్న స్నానానికని వెళ్లి, బకెట్టు నిండి పొర్లిపోతున్నా అలాగే చూస్తూ నిలబడ్డారట. ఏమిటండీ అంటే, నువ్వు వస్తావో లేదో చూద్దామని అన్నారట. ఆమె నవ్వుతూనే చెప్పింది. నవ్వు పూర్తికాకుండానే అతని మొహంలోకి చూసింది.

"షెడ్డులో బానే ఉంటున్నారు కదా, చిన్నోడా?"

"బానే ఉంటున్నాడొదినా."

"అంతే, నాకు తెలుసు. ఇంట్లోనే ఈ పరధ్యానం. ఇనుము దగ్గర ఆయన ఏదీ మర్చిపోరు. ఇక్కడున్నంతసేపూ నాకు బెంగలేదు."

ఇనుము దగ్గరెందుకు మర్చిపోతాడు అన్నాడు అతను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో, నోట్లో పెట్టుకున్న ముద్ద అంత బరువుగా దిగింది. ఈవిడ తనని చూసి ధైర్యం తెచ్చుకుంటోంది, అన్న తన అతుకుని చూసి, రాళ్లాయన అన్నని చూసి. అందరి బరువూ వచ్చి ఒక పీట మీద ఆగింది, ఆ పీట వంకరగా ఉంది. కుళాయి దగ్గరినుంచి అన్న చేతులు విదిలించుకుంటూ వచ్చి, వదినామరుదులు నా మీద ఏం కుట్ర పన్నుతున్నారు అన్నాడు. మీకు కారం పెంచాలా తగ్గించాలా అని అంది వదిన. ముగ్గురూ నవ్వారు.

సాయంత్రం రాళ్లాయన వచ్చాడు. చొక్కా జేబులో ఎప్పటిలాగే ఏదో రాయి. బండిని చూడగానే చిన్నపిల్లాడైపోయాడు. వంగి చూశాడు, పాకి చూశాడు, కొత్త ఇరుసుని అరచేత్తో తట్టి, ఉమ్మడి కుటుంబం గట్టిగానే ఉందే అన్నాడు. రేపు తెల్లవారగానే బయల్దేరుతున్నాడట. వాళ్లమ్మాయి కూడా వస్తానంటోందట. కొండెక్కేటప్పుడు నాన్నా నువ్వు నడుపు, దిగేటప్పుడు నేను అని ఒప్పందం రాయించుకుందట.

దిగేటప్పుడు. అతనికి ఆ దారి కళ్లకి కట్టినట్టు కనిపించింది, ఎన్నడూ చూడకపోయినా. పల్లం, గులకరాళ్లు, పక్కన ఏమీ లేకపోవడం, రాయి తగిలి ఎడమకి తిరిగిన చక్రం ఎడమకే ఉండిపోవడం, స్టీరింగు దానంతటదే వస్తుందని నమ్మి చేతులు సడలించిన ఒక పిల్ల.

అన్న మేకుకి తగిలించిన బండి తాళం తీసి అతని చేతిలో పెట్టాడు. బండి మీద ఆఖరి చెయ్యి ఎవరిదో వాళ్లే తాళం ఇవ్వాలని షెడ్డులో ఒక ఆచారం. అతుకు ఎప్పుడూ ఆఖర్నే కాబట్టి ఎప్పుడూ అతనే ఇస్తాడు. "ఇవ్వరా" అన్నాడు అన్న.

రాళ్లాయన చెయ్యి చాచాడు. తాళం అతని అరచేతిలో ఉంది. ఏదైనా ఒక మాట దొరుకుతుందని ఎదురుచూశాడు. తనకోసం ఇంకెవరో వచ్చి ఆ మాట అంటారని కూడా ఎదురుచూశాడు. ఫ్యాను టకటకమంటోంది. చివరికి అతని చెయ్యి వెనక్కి వెళ్లి తాళాన్ని చొక్కా జేబులో వేసుకుంది.

"ఒక ఆయిలు సీలు కారుతోంది సార్. రేపు సాయంత్రానికి ఇస్తాను."

రాళ్లాయన మొహం వాడిపోయింది గానీ మంచి మనిషి, గొడవ చేయలేదు. అమ్మాయికి సర్దిచెప్పుకుంటానన్నాడు. గేటు దాటుతూ వెనక్కి తిరిగి, ఉమ్మడి కుటుంబంలో అప్పుడే గొడవా మేస్త్రీ అన్నాడు. ఈసారి అన్న నవ్వలేదు.

"ఏ సీలు?" అన్నాడు అన్న, రాళ్లాయన వెళ్లగానే. "నేనేసిన సీలు కారడమేంటి? పొద్దున బానే ఉందన్నావు."

అన్న లైటు పట్టుకుని, గోనెపట్టా పరుచుకుని, నొప్పులున్నాయన్న మోకాళ్లని చకచకా మడిచి బండి కిందికి దూరిపోయాడు. ఆ దూరడంలో ఏ లోటూ లేదు. చేప నీళ్లలోకి వెళ్లినట్టు వెళ్లాడు. అతను కాసేపు బయటే నిలబడి, పట్టా మీంచి కనిపిస్తున్న అన్న చెప్పుల్ని చూశాడు. కుడి చెప్పు ఎడమ కాలికి, ఎడమ చెప్పు కుడి కాలికి. పొద్దుట్నుంచీ అలాగే ఉన్నాయా? అతను కూడా కిందికి దూరి పక్కన పడుకున్నాడు.

అన్న సీలు చుట్టూ వేలు తిప్పి లైటులో చూశాడు. పొడిగా ఉంది. రెండోవైపూ చూశాడు. "ఎక్కడరా?" అన్నాడు.  అన్న వేళ్లు ఇరుసు మీదుగా నడుచుకుంటూ వచ్చాయి, తోవలో ఉన్నదల్లా తడుముకుంటూ, పీట మీది అతుకు దగ్గర ఆగి, మెచ్చుకున్నట్టు ఒకసారి నిమిరాయి. అక్కడినుంచి కమాను మీదికి వెళ్లాయి. అక్కడే ఉండిపోయాయి.

"ఇంత చదునుగా ఉందేంటి ఇది" అన్నాడు అన్న, తమ్ముడితో కాదు.

మట్టం తీసి ఇరుసు మీద పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు. తీసి మళ్లీ పెట్టాడు. అప్పుడు మెల్లగా తల పక్కకి తిప్పాడు. పడుకున్న వాళ్లకి, రెండు చక్రాల మధ్యనుంచి, గోడవారన బస్తాలు తిన్నగా ఎదురుగా కనిపిస్తున్నాయి. పైన దుమ్ము కూడా చెదరలేదు, తాము కూర్చున్న గుంటలు తప్ప.

అన్న లైటు అటు తిప్పాడు.

"మనం బస్తాలు ఎక్కించాం కదరా?"

అవునంటే ఈ క్షణం గడిచిపోతుంది. ఎక్కించాం అన్నయ్యా, కమాన్లే బాగాలేవు, అవి అమ్మిన తుక్కు కొట్టువాడు మోసం చేశాడు. అన్న నమ్ముతాడు. నమ్మాలని ఆ గొంతే అడుగుతోంది. అతని నోట్లో ఆ అబద్ధం అప్పటికే తయారుగా ఉంది, వెచ్చగా.

"లేదన్నయ్యా" అన్నాడు.

 అన్న గొంతులో ఏదో కదిలి పెదాల దాకా వచ్చింది. అతనికి తెలుసు, అది నవ్వు. కళ్లు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు.

"నీకు గుర్తుందో..." అని మొదలుపెట్టాడు అన్న. ఆ మాట ఇద్దరి మొహాల మధ్య అంత ఇరుకులో ఆగిపోయింది.  అన్న అతని వైపు చూస్తున్నాడు. ఆ కళ్లలో తుంటరితనం లేదు, నిమ్మళం కూడా లేదు.

అతను చెయ్యి చాచి అన్న చెవి మీది సుద్దముక్క తీసుకుని, పీట అంచున, తన అతుకు పొడుగునా, కోయడానికి గీత గీశాడు.